సీసాలో మిగిలిన చిల్లర

విదేశానికి ఒక్కసారి వెళ్లొచ్చిన ఇంట్లో కూడా ఒక సీసా ఉంటుంది. మా ఇంట్లో అది పాత హార్లిక్స్ సీసా. సింగపూర్ ట్రిప్‌లో మిగిలిన సెంట్లు, మా వారు డల్లాస్‌లో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు జేబుల్లో పోగైన క్వార్టర్లు, ఆడపడుచు తెచ్చిచ్చిన థాయ్ బాత్‌లు అన్నీ అందులోనే. నోట్లను అమీర్‌పేటలో మార్చుకున్నాం. నాణేలు కౌంటర్ మీద పెడితే ఆయన ముట్టుకోను కూడా లేదు. "కాయిన్స్ తీసుకోం మేడమ్" అన్నాడు. తప్పు ఆయనది కాదు. నాణేలకు బరువెక్కువ, విలువ తక్కువ. వాటిని తిరిగి ఆ దేశానికి చేర్చే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఈ వేసవిలో మా ఆరో తరగతి అమ్మాయి హాలిడే హోంవర్క్‌లో "ప్రయాణ జ్ఞాపిక తయారు చేయండి" అని ఒక అంశం ఉంది. నాకు సీసా గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో ప్రపంచ పటం ఉన్న చెక్క ఫ్రేమ్ ఒకటి ఆర్డర్ చేశాను. బాగా మెరిసే నాణేలను నేనే ఏరాను. రాత్రి పదకొండింటికి కూర్చుని నేనే అతికించాను. పాప పక్కనే కూర్చుని అంతా చూసి, "బాగుందమ్మా. ఇందులో నేనేం చేశాను?" అంది.

ఈ పత్రిక చదివే చాలామంది తల్లిదండ్రులు ఏదో ఒక రాత్రి పదకొండింటికి ఇలాంటి పనే చేసి ఉంటారు. కాబట్టి నా ఒక్కదాని తప్పుగా ఒప్పుకోను. కానీ ఆ ఫ్రేమ్‌ను మాత్రం బడికి పంపలేదు.

కారణం పాప ప్రశ్న ఒక్కటే కాదు. నేను ఏరి పక్కన పడేసిన నాణేలు మర్నాడు పొద్దున కూడా బల్ల మీదే ఉన్నాయి. కాఫీ తాగడానికొచ్చిన మా మామగారు వాటిలోంచి ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పుతూ, "ఇది యాడ దొరికింది పాపా?" అని అడిగారు. మాసిపోయిన వంద ఫిల్స్ కువైట్ నాణెం అది. ఒకవైపు తెరచాప పడవ ఉంటుంది. ఆ సీసాలోకి ఎప్పుడు చేరిందో మాకెవరికీ తెలియదు.

మా అత్తింటివారిది రాజంపేట వైపు. ఆ ప్రాంతం నుంచి కువైట్ వెళ్లినవాళ్లు లేని ఊరు దాదాపు ఉండదు. మామగారు అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేశారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడే ఉన్నారు. మన దేశం అప్పట్లో ఒక లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చుకుంది. వారిలో ఎక్కువమంది బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయికి వచ్చారు. మామగారూ అలాగే వచ్చారు. నాలుగేళ్ల కష్టంలో చేతిలో ఉన్నదంతా దారిలోనే అయిపోయిందట. ఇల్లు చేరేసరికి ప్యాంటు జేబులో కొన్ని ఫిల్స్ మిగిలాయి. కుబ్బూస్ కొనుక్కోవడానికి ఉంచుకున్న చిల్లర అది.

పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. ఇంకొకటి కూడా చెప్పాలి. రాత్రి ఆ నాణేన్ని పక్కన పెట్టింది అది మెరవలేదని మాత్రమే కాదు. సింగపూర్, అమెరికా పక్కన కువైట్ కనిపిస్తే ఎవరైనా "అక్కడెవరున్నారు?" అని అడుగుతారు. "తాత డ్రైవరుగా వెళ్లారు" అని పాప చెప్పాలి. ఆ జవాబు క్లాసులో వినపడటం నాకే ఇష్టం లేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

పాపకు ఆ ఇబ్బందేమీ లేదు. పడవ కింద ఉన్న అరబిక్ అంకెలను తాత దగ్గర కూర్చుని నేర్చుకుంది. వాళ్ల అయిదు మన సున్నాలా ఉంటుందని, వాళ్ల సున్నా ఒట్టి చుక్కేనని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది. ఆ తర్వాత తనే ఒక పాత శుభలేఖ అట్ట తెచ్చుకుంది. మన శుభలేఖలకు పెట్టే మందం అట్ట ఈ పనికి ఎంత బాగుంటుందో! నాణెం అంచు గీసుకుని, గీతకు వెంట్రుకవాసి లోపలగా కత్తిరిస్తే జిగురు లేకుండానే నాణెం బిగిసి కూర్చుంటుంది. రెండు వైపులా కనిపిస్తుంది. కావాలంటే ఎప్పుడైనా తీయొచ్చు. ఫెవికాల్ లోహానికి సరిగా పట్టదు. ఫెవిక్విక్ పిల్లల చేతికి ఇవ్వదగింది కాదు, పైగా నాణెం మీద తెల్లటి మచ్చ పెడుతుంది. నా ఫ్రేమ్‌లో మూడు క్వార్టర్లకు ఆ మచ్చలున్నాయి.

రంధ్రాలు మాత్రం వేయకండి. మన నాణేలను కరిగించడం, పాడుచేయడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. జపాన్‌లోనూ వాళ్ల నాణేలను పాడుచేయకూడదనే చట్టం ఉంది. అయినా దారం ఎక్కించాలంటే చిల్లుతోనే పుట్టిన నాణేలున్నాయి కదా. జపాన్ అయిదు యెన్లు, యాభై యెన్లు, డెన్మార్క్ క్రోనులు అలాంటివే. అయిదు యెన్ల ఇత్తడి నాణెం మీద వరి కంకి ఉంటుంది. "గో ఎన్" అని పలికే దాని పేరు అక్కడి భాషలో అనుబంధానికి వాడే మాటలా వినిపిస్తుందని దాన్ని శుభంగా చూస్తారు. మనకూ ఇది కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి ఇక్కడ చిల్లుకాణీలు ముద్రించారు. వాటిని పసివాళ్ల మొలతాళ్లకు కట్టిన అమ్మమ్మలున్నారు. ఇక కాసులపేరు ఉండనే ఉంది. కాసులను గుచ్చి మెడలో వేసుకున్న జాతికి నాణేలతో జ్ఞాపిక చేయడం యూట్యూబ్ నేర్పాలా?

పసిపిల్లలున్న ఇళ్లలో సీసా పైఅరలోనే ఉండాలి. ఏ నాణెం మింగినా ప్రమాదమే. 1982 తర్వాతి అమెరికా సెంటు మరీను. రాగి పూత కింద అంతా జింకే, అది కడుపులోని ఆమ్లానికి కరిగి పుండు చేయగలదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది అసలు ఖర్చే లేని పద్ధతి. నాణెం మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దడం. నాణెం ఒకరిదైనా అచ్చు వందమంది తీసుకోవచ్చు. మన బడి ఫీజు కట్టగలిగినంత మాత్రాన ప్రతి కుటుంబం విమానం ఎక్కి ఉండదు. అప్పు చేసి టర్మ్ ఫీజు కడుతున్న ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. జూన్‌లో జ్ఞాపికలన్నీ బల్లల మీద పరిస్తే, ఎవరు ఎక్కడికి వెళ్లారో చెప్పే ప్రదర్శనగా అది మారిపోతుంది. సెలవులకు అమ్మమ్మగారి ఊరికి మాత్రమే వెళ్లొచ్చిన పిల్లవాడు అక్కడ ఏం పెట్టాలి?

అతని జేబులోని రూపాయి పెట్టాలి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో అచ్చయింది. డైమండ్ గుర్తుంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఇంట్లో ఉన్న చిల్లరంతా బోర్లించి ఈ గుర్తులు వెతకడానికి మా పాపకు ఒక ఆదివారం పట్టింది. సింగపూర్ పది సెంట్ల మీద ప్రభుత్వం కట్టించిన అపార్టుమెంట్లు, ఇరవై సెంట్ల మీద చాంగీ ఎయిర్‌పోర్టు ఎందుకున్నాయి, మన నాణేల మీద ఏముంటే బాగుంటుంది అని వాళ్ల నాన్నతో వాదన కూడా ఆ రోజే జరిగింది. మేం సింగపూర్‌లో తిరిగిన అయిదు రోజుల్లో ఆ దేశం గురించి అంతసేపు మాట్లాడుకోలేదు. లండన్ నుంచి వచ్చిన చిల్లర ఎవరి దగ్గరైనా ఉంటే, 2008 నుంచి వచ్చిన నమూనాలో ఒక పెన్నీ మొదలు యాభై పెన్స్ దాకా ఆరు నాణేలు ఏరి పిల్లల ముందు పెట్టండి. వాటి వెనకవైపు బొమ్మలను సరిగ్గా పేరిస్తే ఒక డాలు ఆకారం వస్తుంది. జవాబు ముందే చెప్పకండి.

మరి నాణెం పక్కన ఏం రాయాలి? దేశం పేరు, రాజధాని, కరెన్సీ అన్నీ గూగుల్‌లో దొరుకుతాయి. ఆ నాణెం ఎవరి జేబులోంచి వచ్చింది, మిగలకపోయి ఉంటే దానితో ఏం కొనేవారు అన్న రెండు సంగతులు చాలు. అవి ఇంట్లో అడిగితే తప్ప దొరకవు.

మా పాప అట్ట మీద ఇప్పుడు నాలుగు నాణేలే ఉన్నాయి. మధ్యలో పడవ. దాని కింద తన చేతిరాతతో: "కువైట్, 100 ఫిల్స్. మా తాతది. కుబ్బూస్ కోసం దాచుకున్నారు. యుద్ధం వచ్చి ఇంటికి వచ్చేశారు." రెండు అక్షరదోషాలు ఉంటే దిద్దబోయాను. మామగారు వద్దన్నారు.