అటకెక్కిన పాత్రలు

ఒక జాతి జీవనవిధానాన్ని గ్రహించాలంటే దాని గ్రంథాలయాలతోపాటు వంటిళ్లను కూడా పరిశీలించాలి. నిండుకుండ తొణకదన్నా, అన్నం ఉడికిందీ లేనిదీ ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందన్నా, ఆ మాటల వెనుక పొయ్యి ముందు గడిపిన తరాల అనుభవం ఉంది. అరణ్యవాసంలో ధర్మరాజుకు సూర్యభగవానుడు అనుగ్రహించిన అక్షయపాత్ర బంగారుది కాదు, రాగిదని ప్రసిద్ధి. రాజ్యం కోల్పోయిన రాజుకు దైవమిచ్చిన వరం సైతం వంటపాత్ర రూపంలోనే రావడం గమనింపదగినది.

అటువంటి పాత్రలు నేడు మన ఇళ్లలో ఎక్కడ ఉన్నాయి? రాచ్చిప్ప, ఇనుప మూకుడు, కంచు గిన్నె, ఇత్తడి గుండిగ, మట్టికుండ వంటివి కొన్ని ఇళ్లలో అటకెక్కాయి. మరికొన్ని ఇళ్లలో చావడిలోకి వచ్చి అలంకారాలయ్యాయి. నాడు పెళ్లిళ్లకు నీళ్లు కాచిన గంగాళంలో నేడు పూలరేకులు తేలుతున్నాయి. అటక మీది నిరాదరణకూ, చావడిలోని ఆదరణకూ పాత్ర దృష్టిలో భేదం లేదు. రెండు చోట్లా దానిలో వంట జరగదు.

ఈ పాత్రల తయారీలోనూ వాడకంలోనూ మన పూర్వులు చూపిన వివేకం సామాన్యమైనది కాదు. రాచ్చిప్ప మెత్తని రాతితో మలచినది. అది నిదానంగా వేడెక్కి, నిదానంగా చల్లారుతుంది. దించిన తరువాత కూడా పప్పుచారు చాలాసేపు మరుగుతూనే ఉంటుంది. చింతపండు పులుపుకు ఆ రాయి చెక్కుచెదరదు. అయితే కొత్త చిప్పను వెంటనే పొయ్యి మీద పెడితే పగులుతుంది. నూనె, పసుపు పట్టించి, వేడి గంజి పోసి, కొన్ని రోజులు అలవాటు చేయాలి. ఇనుప మూకుడులో, ముఖ్యంగా పులుపు చేర్చి వండినప్పుడు, కొంత ఇనుము ఆహారంలో కలుస్తుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అది వైద్యానికి బదులు కాకపోయినా, రక్తహీనత ఇంతగా ఉన్న మన దేశంలో ఉపేక్షింపదగిన విషయం కాదు.

ఇత్తడి సంగతి వేరు. రాగి, తుత్తునాగం కలిసిన ఈ లోహంపై పులుపు పనిచేసి ఆహారాన్ని చెడగొడుతుంది. అందుచేతనే లోపల తగరపు పూత, అనగా కళాయి, వేయించేవారు. వీధిలో చిన్న కొలిమి పెట్టి, తిత్తులు ఊది, కాలిన పాత్రలో నవాసాగరం చల్లి, తగరాన్ని గుడ్డతో తిప్పితే నల్లని గిన్నె క్షణంలో వెండిలా మెరిసేది. ఆ కేకలు నేడు వీధుల్లో అరుదైనాయి. కళాయి వేసేవారు లేనప్పుడు ఇత్తడిలో పులుసు కాచడం సంప్రదాయం కాదు, అవివేకం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గుండిగలను ఒకనాడు తూకానికి ఇచ్చివేసి స్టీలు గిన్నెలు తీసుకున్నది. తరువాత కొన్నేళ్లకు, అధ్యాపకుడనైన నేను ఒక సభలో పాత పాత్రల వైభవాన్ని కొనియాడి ఇంటికి వచ్చి, ఆమె చేసిన పని తప్పని అన్నాను. ఆమె కోపగించుకోలేదు. “నువ్వు వాటిలో వండిన అన్నం తిన్నావు నాయనా, వాటిని తోమలేదు కదా!” అన్నది. నావద్ద సమాధానం లేకపోయింది. కావ్యాలలోని విందు వర్ణనలను ఏళ్ల తరబడి చదివిన నేను, విందు ముగిశాక ఆ అంట్లు ఎవరు తోమారని ఒక్కనాడూ ఆలోచించలేదు. మసి పట్టిన అడుగులను చింతపండుతో, బూడిదతో, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది అరిగిన ఆమె చేతివేళ్లు ఆనాడే నాకు కనిపించాయి.

స్టీలును నిందించడం న్యాయం కాదని అప్పుడు తెలిసింది. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ రూపొందించిన తుప్పు పట్టని ఉక్కు, కాలక్రమంలో మన ఇంటి స్త్రీల భుజాల మీది బరువును కొంత దించింది. దానికి కళాయి అక్కరలేదు, పులుపు భయం లేదు. ప్రెషర్ కుక్కరు ఇంధనాన్ని, కాలాన్ని ఆదా చేసింది. ఈ మేలును మరచి గతాన్ని పొగడడం కృతఘ్నత.

అయితే కొత్తదంతా మేలైనదనడం కూడా పొరపాటే. అంటుకోని పూత గల పెనాలను ఖాళీగా అతివేడి చేస్తే, సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత ఆ పూత చెడడం మొదలవుతుంది. అదే దోసె పెనం ఇనుముదైతే, వాడుతున్న కొద్దీ నునుపు తేలి, తరాలు నిలుస్తుంది. గోదావరి తీరాన ఆత్రేయపురంలో నేటికీ బోర్లించిన మట్టికుండ మీదనే పూతరేకు తీస్తారు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ కుండ అలంకారం కాదు, జీవనాధారం. పని ఉన్నంతకాలం పాత్ర బ్రతుకుతుందని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

కనుక పాతదా, కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ పాత్ర ఏ పనికి తగినదో తెలుసుకోవడమే వివేకం. పులుసుకు రాచ్చిప్పను, వేపుడుకు ఇనుప మూకుడును, వేసవి నీటికి మట్టికుండను తిరిగి దించుకుందాం. కళాయి లేని ఇత్తడిని పులుపుకు దూరంగా ఉంచుదాం. ఒక నియమం మాత్రం అందరికీ వర్తించాలి: పాత్రను పొగిడే నోటికి దానిని తోమే చేయి కూడా తోడుకావాలి.

మా అమ్మ అమ్మగా మిగిలిన ఒకే ఒక్క రాచ్చిప్ప నేడు మా ఇంట వారానికి రెండు మార్లు పొయ్యి ఎక్కుతున్నది. దానిని కడిగే పని నాది. విద్యార్థులారా, మీ ఇంటి అటక మీద ఏమున్నదో ఒకసారి చూడండి. దించే ముందు, తోమడానికి సిద్ధపడండి.