ఊపిరితిత్తుల పాఠానికి విభాగం అక్కర్లేదా?

రెండు వారాలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు. ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గరి తెలుగు రైల్వే కుటుంబమైనా, శ్రీకాకుళం పల్లెలోని కూలీ అయినా ఈ లక్షణాలతో మొదట వెళ్లేది ఛాతీ నిపుణుడి దగ్గరికి కాదు, అందుబాటులో ఉన్న ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి. కఫం పరీక్ష రాయాలా, దగ్గు మందు ఇచ్చి పంపాలా అన్నది ఆ డాక్టరు కాలేజీలో ఏం చూశాడన్న దానిమీద ఆధారపడుతుంది.

అందుకే జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన కనీస ప్రమాణాలు చర్చకు దారితీశాయి. ఎంబీబీఎస్ కాలేజీలో తప్పనిసరిగా ఉండాల్సిన విభాగాల జాబితా నుంచి రెస్పిరేటరీ మెడిసిన్ తప్పుకుంది. పాత ఎంసీఐ నిబంధనల్లో టీబీ, ఛాతీ వ్యాధుల విభాగం తప్పనిసరి. ఈ మార్పుపై ఛాతీ వైద్యుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి.

ఈ పాఠాలను జనరల్ మెడిసిన్‌లోనే చెప్పవచ్చన్న వాదన ఉంది. అందులో కొంత నిజమూ ఉంది. న్యుమోనియా, ఆస్తమా రోగులు మెడిసిన్ వార్డులోనూ ఉంటారు. ఒకే రోగిని ముక్కలుగా కాక మొత్తంగా చూడటం విద్యార్థికి మంచిదే. అయితే స్పైరోమెట్రీ చేయించడం, ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో రోగికి చూపించడం, ఛాతీ ఎక్స్‌రే చదవడం పుస్తకంతో వచ్చేవి కావు. తప్పనిసరి కాని విభాగానికి ఏ యాజమాన్యమైనా పరికరాలు, అధ్యాపకులు, పడకలు సమకూర్చడానికి ముందుకొస్తుందా? విభాగం లేనిచోట పీజీ సీట్లూ ఉండవు. రేపటి అధ్యాపకుల కొరత అక్కడే మొదలవుతుంది.

ప్రపంచ టీబీ కేసుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశానివే. ప్రపంచ జనాభాలో 18 శాతం మనదైతే, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల భారంలో 32 శాతం మనదని 2016 గణాంకాలపై జరిగిన అధ్యయనం తేల్చింది.

తెలుగు నేలకు ఈ చదువులో చరిత్ర ఉంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదట వేసిందీ మదనపల్లెలోనే. మందులు సక్రమంగా వాడితే ఇంట్లో ఉంచి కూడా టీబీ నయం చేయవచ్చని 1959లో మద్రాసు అధ్యయనం చూపాక శానటోరియాల అవసరం తగ్గింది. చికిత్స ఇంటికి చేరినకొద్దీ ఆ బాధ్యత సాధారణ డాక్టరు మీద పడింది. అంటే అతనికి శిక్షణ పెరగాలి.

విభాగం పేరు ఏదైనా కావచ్చు. ప్రతి కాలేజీలో ఛాతీ ఓపీ, స్పైరోమీటరు, టీబీ కేంద్రంలో పని, అర్హతగల అధ్యాపకుడు ఉండాలని కమిషన్ రాతపూర్వకంగా చెప్పాలి. తనిఖీల్లోనూ వాటినే చూడాలి. అలా కాకపోతే నష్టపోయేది ఆ మొదటి డాక్టరు ఎదుట కూర్చున్న రోగి.