ఓపిక లేక అమ్ముతున్నాడా?



మొన్న మా దిక్కు కూటాల్లో ఒక ప్రసంగీకుడు యోసేపు గురించి చెప్పారు. యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల్లో ధాన్యం దాచాడు, మన రైతులేమో కల్లంలోనే అమ్మేసి తర్వాత ధర లేదని ఏడుస్తారు, ఓపికా లేదు, విశ్వాసమూ లేదు అన్నారు. ముందు వరుసల్లో కొందరు ఆమేన్ అన్నారు. వెనక కూర్చున్న రైతులు తలలు దించుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన సహోదరుడు ఒకరి సంగతి చెబుతాను, పేరు అక్కరలేదు. మూడెకరాల కౌలు. కోత మిషన్ కిరాయి ఆ రోజే ఇవ్వాలి. ఎరువులు, మందులు ఉద్దెరకు ఇచ్చిన సేటు కల్లం కాడికే వచ్చి నిలబడ్డాడు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. పచ్చి వడ్లు ఆ లెక్కకు రావాలంటే ఎండ కావాలి, ఆరబోసే జాగా కావాలి, వానొస్తే కప్పడానికి టార్పాలిన్లు కావాలి. ఆ తర్వాత సంచులు, కాంటా, లారీ, తరుగు, పైసల కోసం ఎదురుచూపు. 2025-26లో మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం 2369 రూపాయలు, ఏ గ్రేడ్ 2389. అది అతనికి తెలుసు. తెలిసే మూడు వందలు తక్కువకు అమ్మాడు. మిత్తి ఎట్లా పెరుగుతుందో కూడా అతనికి తెలుసు మరి.

ఇక యోసేపు. ఆదికాండము 41 నిదానంగా చదవండి. దాచింది రైతు కాదు, ఫరో నియమించిన అధికారి. ఐదవ వంతు తీసి పట్టణాల్లో నిల్వ చేయించింది ప్రభుత్వం. పాలకుని పనిని మనం తెచ్చి కౌలుదారు నెత్తిన పెడుతున్నాం! అక్కడితో ఆగకుండా 47వ అధ్యాయానికి కూడా రండి, ప్రసంగీకులు చాలామంది అటు పోరు. కొట్లలో ధాన్యం ఉంది. అయినా ప్రజలు ముందు డబ్బు, తర్వాత పశువులు, చివరికి పొలాలు, తమ్మును తాము ఇచ్చుకుని తిండి కొనుక్కున్నారు. దేశంలో ధాన్యం ఉండటం వేరు, పండించినవాని ఇంట్లో ఉండటం వేరు.

మనకు 2013 నాటి ఆహార భద్రత చట్టం ఉంది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. మంచి పని, కాదనను. కానీ ఆ వరుసలో సంచి పట్టుకుని నిలబడ్డవాళ్లలో వడ్లు పండించినవాళ్లు ఎందరో చూడండి. పాలమూరులో వీళ్ల తాతలు జొన్నలు పాతరేసుకున్నారు. (అప్పులు అప్పుడూ ఉండేవి, అది బంగారు కాలమని నేననను.)

గోదాము రసీదు మీద బ్యాంకు అప్పు తెచ్చుకునే దారిని 2007 చట్టం చూపింది. ఇరవై క్వింటాళ్లవాడు గోదాము దాకా ఏం పెట్టి మోస్తాడు? పాస్‌బుక్కు ఇంకొకరి పేరున ఉంటే బ్యాంకు ఏం ఇస్తుంది? కేంద్రాలు కోతకు ముందే తెరవమని, ఊరికి ఆరబెట్టే మిషన్ తెమ్మని, కౌలుదారుకు అప్పు ఇమ్మని అధికారులను అడగాలి. రైతును ఓపిక అడగడం అన్యాయం.

నెహెమ్యా 5లో నెహెమ్యా గద్దించింది పరాయివాళ్లను కాదు, తన జనంలోనే మిత్తికి ఇచ్చిన పెద్దలను. మన సంఘంలోనూ మిత్తికి ఇచ్చేవాళ్లున్నారు, పచ్చివడ్లు కొనేవాళ్లున్నారు. మన చర్చి రేకుల్లో వాళ్ల కానుక ఉంది. అందుకే ఇన్నాళ్లు నా నోరు లేవలేదు. అది నా తప్పు.

చర్చి ముందు గచ్చు ఈ నెలంతా వడ్లు ఆరబోసుకోవడానికి ఇస్తున్నాం. సంఘం టార్పాలిన్లు ఆరు ఉన్నాయి, అడిగి తీసుకోండి. ఆదివారం ఎండ బాగుంటే వడ్లు ఎత్తకండి, ఆరాధనకు వచ్చేవాళ్లం పక్క సందు నుంచి లోపలికి వస్తాం.