నొప్పి లేని పుండు



మధుమేహమును గూర్చి పత్రికలలో వచ్చు వ్రాతలలో అన్నము, చక్కెర, కన్ను, గుండె, వీని ప్రస్తావనయే ఎక్కువ. పాదమును గూర్చి వ్రాయువారు తక్కువ. ఈ వ్యాధివలన కాలు పోగొట్టుకొన్నవారు మా హోసూరు తెలుగు కుటుంబములలో నాకు తెలిసినవారే ముగ్గురున్నారు. వారిలో ఒకరు మా పెద్దన్నగారు. అందుచేత ఈ నాలుగు మాటలు.

మా అన్నగారు చంద్రచూడేశ్వరుని తేరునాడు మిట్టమధ్యాహ్నము వట్టికాళ్లతో తేరు వెంట నడిచిరి. సాయంకాలమునకు అరికాలిలో బొబ్బ లేచినది. "నొప్పి లేనిది పుండేమిటి?" అని పసుపు పెట్టుకొని ఊరకుండిరి. మేమును ఊరకుంటిమి. మూడు వారములకు వాసన వచ్చినది. ఆసుపత్రికి చేరునప్పటికి చీము ఎముకను పట్టినది. మోకాలి క్రింద తీసివేయవలసి వచ్చినది. తప్పు మా యింటివారందరిది.

నొప్పి లేకపోవుటయే ఆ పుండులోని ప్రమాదము. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నుండిన పాదముల నరములు మొద్దుబారును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పులో రాయి దూరినను తెలియదు. పలువురికి రక్తనాళములు కూడ ఇరుకై, పుండు మానుటకు కావలసిన రక్తము కాలికి దిగదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారము 2021 నాటికి ఈ దేశములో మధుమేహులు సుమారు 10 కోట్ల 10 లక్షలు. ఈ వ్యాధి గల ఐదుగురిలో ఒకరికైనను జీవితకాలములో పాదవ్రణము కలుగునని వైద్యుల లెక్క.

ఈ పాఠము మనకు దూరదేశమునుండి రానక్కరలేదు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు కుష్ఠవ్యాధిగ్రస్తుల పాదములను ఏండ్లకొలది పరీక్షించెను. స్పర్శ లేని పాదముపై నడకలో మరల మరల పడు ఒత్తిడియే ఆ పుండ్లకు ముఖ్య కారణమని చూపెను. 1966లో అమెరికాకు పోయిన పిదప మధుమేహుల పాదములకును ఆ పాఠమునే అన్వయించెను.

కావున పుండుకు పూత పూసి నడచుచుండిన ప్రయోజనము లేదు. మొదట ఆ చోట బరువు పడకుండ చేయవలెను. అరికాలి పుండునకు మోకాలి వరకు పిండికట్టు వేయుట ఇందులకే. అది తగునో తగదో వైద్యుడే నిర్ణయింపవలెను. చచ్చిన కండను తీసి శుభ్రపరచుట, చీము పట్టినచో తగిన మందు, రక్తము దిగనిచో నాళమును తెరచుట, చక్కెరను అదుపునందుంచుట, ఇవన్నియు కలిసిననే చికిత్స. మానిన పుండు కూడ ఏడాదిలోనే నూటికి సుమారు 40 మందికి మరల వచ్చును. అందుచేత మెత్తని అట్ట గల ఎం.సి.ఆర్. చెప్పులవంటి తగిన పాదరక్షలు ఎప్పటికిని విడువరాదు.

"ప్రజలను వెదకి వచ్చు వైద్యము" అను అర్థము గల "మక్కళై తేడి మరుత్తువం" పథకము 2021 ఆగస్టు 5న మా కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభమైనది. మాత్రలు గడపకే వచ్చుట మెచ్చదగిన సంగతి. మాత్రలిచ్చు ఆమె వచ్చినపుడు చీటీతోపాటు పాదములు కూడ చూపవలెనని పెద్దలకు నా మనవి. అరికాలిని తాకించి స్పర్శ తెలిసికొనుటకు పది గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగు చాలును. అది ఆమె సంచిలో తప్పక ఉండునట్లు చూడవలెనని అధికారులకు నా మనవి.

ఇంటివారు చేయవలసినది ఇంకను సులువు. ప్రతి రాత్రి మనుమడో మనుమరాలో పెద్దవారి అరికాళ్లు, వ్రేళ్ల సందులు దీపము పెట్టి చూడవలెను. మరుగు నీళ్లలో కాళ్లు ఉంచనీయరాదు. ఆనెలను బ్లేడుతో కోయనీయరాదు. పుండు కనిపించినచో నొప్పి ఉన్నను లేకున్నను మరునాడే వైద్యునికడకు తీసికొనిపోవలెను. మ్రొక్కుబడి గలవారు ఎండ దిగిన పిదప, మందపు మేజోళ్లతో ప్రదక్షిణము చేసిన దేవుడు కోపగింపడు.

ఈ యేడు తేరును మా అన్నగారు అరుగు మీద కూర్చుండి చూచిరి. వచ్చు ఏడు ఆయన ప్రక్కన మరియొకరు అట్లు కూర్చుండవలసిన అవసరము రాకుండుగాక.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హోసూరు