ముందు చదవండి, ఆ తరువాతనే శాలువా

మన తెలుగు సంఘాల సభలలో పుస్తకావిష్కరణ తప్పనిసరి కార్యక్రమమైపోయింది. జ్యోతి ప్రజ్వలనం, ప్రార్థనాగీతం, పిల్లల కూచిపూడి అయిన తరువాత, భోజనాలకు ముందు, దానికొక ఇరవై నిముషాలు కేటాయిస్తారు. రంగుకాగితం విప్పుతారు, ఫొటో తీస్తారు, రచయితకు శాలువా కప్పుతారు, నలుగురు వక్తలు లేచి "అద్భుతం" అంటారు. ఆ నలుగురిలో పుస్తకం చదివినవారు ఒక్కరున్నా అది రచయిత అదృష్టమే. శాలువా మీద మాకు ద్వేషం లేదు. కాని ఆ ఇరవై నిముషాలకు పడిన శ్రమలో పదోవంతు, ఆ పుస్తకం ఇంకా రాతప్రతిగా ఉన్నప్పుడు పడి ఉంటే, ఆ రచయితకు నిజమైన సన్మానం అప్పుడే జరిగి ఉండేదని మా వాదం. ఈ దేశంలో మంచి తెలుగు నవలలు అరుదుగా రావడానికి కారణం ప్రతిభ లేకపోవడం కాదు, తీరిక లేకపోవడమూ కాదు. అచ్చుకు పోకముందు చదివి, "ఇక్కడ బాగులేదు" అని చెప్పే మనిషి లేకపోవడం.

నవల రాయడం ఒక పని. రాసినదానిని అచ్చుకు పంపదగిన ప్రతిగా సిద్ధం చేయడం రెండో పని. మొదటిది ఒంటరిగా చేయవచ్చు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, పిల్లలను బడికి పంపి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని చేయవచ్చు. రెండోది ఒంటరిగా అయ్యేది కాదు. రాసినవాడి కన్ను కాగితం మీద ఉన్నదానిని కాక, తన మనసులో ఉన్నదానిని చదువుతుంది. మూడో అధ్యాయంలో 12 ఏళ్ళ అమ్మాయి, అదే సంవత్సరంలో నడిచే తొమ్మిదో అధ్యాయంలో యూనివర్సిటీలో చేరుతుంది. విన్నిపెగ్‌లో జనవరి నెలలో మామగారు పంచె కట్టుకుని వాకిట్లో పేపరు చదువుతారు. పినతల్లి కాస్తా మేనత్త అయిపోతుంది. ఇవి అజ్ఞానం వల్ల వచ్చినవి కావు. ఆరేళ్ళపాటు ముక్కలు ముక్కలుగా రాసిన ఎవరికైనా వచ్చేవే. ఇంకొకరు చూసి చెప్పాలి, అంతే.

స్వదేశంలో వారపత్రికలు రాజ్యమేలిన రోజులలో ఈ పని ఎవరు చేసేవారో చాలామంది గమనించలేదు. కాగితానికి ఒకవైపే రాయాలి, మార్జిను వదలాలి, తగినన్ని స్టాంపులు అంటించిన కవరు జతపరచాలి, స్వంత రచనేనని హామీపత్రం ఇవ్వాలి - ఈ నియమాలు మన ఇళ్ళలో పెద్దలందరికీ గుర్తే. ఒకవైపే ఎందుకు? కంపోజిటరు చూసి అక్షరాలు కూర్చుకోవడానికి వీలుగా. మార్జిను ఎందుకు? సబెడిటరు దిద్దుబాట్లు రాయడానికి. అంటే ఆ నియమాలలోనే ఒక ఒప్పందం ఉంది: మీరు శుభ్రంగా రాసి పంపండి, మేము చదువుతాము అని. ఆంధ్రపత్రికలోనో, ఆంధ్రప్రభలోనో, ఆంధ్రజ్యోతిలోనో సీరియల్‌గా వచ్చిన నవల వారం వారం జీతం తీసుకునే ఒక మనిషి కళ్ళ కిందుగా పోయేది. 1924లో పుట్టిన 'భారతి' 1991లో ఆగిపోయింది. 1978 నుంచి నెలకొక నవల అందించిన 'చతుర' 2021లో నిలిచిపోయింది. పత్రికలు పోయాయని అందరూ విచారించారు. వాటితోపాటు పేరు తెలియని ఆ సబెడిటరు కూడా పోయాడని విచారించినవారు ఎందరు?

పైగా ఇప్పుడంతా సులువైపోయిందని ఒక భ్రమ. 1990ల తొలి రోజులలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మన తెలుగు యువకులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించారు. 1991లో యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చింది. ఇవన్నీ మహోపకారాలే, కాదనము. కాని రచయిత యూనికోడ్‌లో టైపు చేసి పంపిన నవలను అచ్చుపనివారు చాలాచోట్ల అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో పేజీలు కడతారు. ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను 2001 నాటిది! ఈ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. పరదేశపు నవలకు ఇంకొక తిప్ప కూడా ఉంది. ఇంగ్లీషు మాట లేని పేజీ ఉండదు గదా. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే, 'వ' పోయి ముందున్న అక్షరం కింద ఒత్తుగా దూరకుండా, మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటి వేయాలి. అది మార్పిడిలో ఎగిరిపోయిందంటే 400 పేజీలూ ఒక్కొక్క మాటగా గాలించవలసిందే. ఇక "వచ్చాడు", "వచ్చేడు" రెండూ తెలుగే. ఒక్క పుస్తకంలో, ఒకే మనిషి నోట, రెండూ కలగాపులగంగా ఉండరాదు. దీనినంతా చూసేదెవరు?

మాకు తెలిసిన ఒక ఉదాహరణ చెబుతాము, పేర్లు అనవసరం. ఒకావిడ ఒంటారియోలో నర్సు. ఆరేళ్ళు కష్టపడి నవల రాశారు. వృద్ధాశ్రమంలో చేరిన ఒక తెలుగు ముసలమ్మగారు మతిమరుపు ముదిరి, నలభై ఏళ్ళుగా మాట్లాడిన ఇంగ్లీషు పూర్తిగా మరచిపోయి, చిన్ననాటి పల్లె తెలుగుకు తిరిగిపోతుంది. చుట్టూ ఆ భాష తెలిసినవారు ఒక్కరూ లేరు. అదీ కథ. మేము వైద్యులము కనుక అంటున్నాము: ఇటువంటి రోగులను చూశాము, ఇది కల్పన కాదు. ఈ కథ స్వదేశంలో ఉన్న ఎంత గొప్ప రచయితా రాయలేడు. ఇక్కడివారే రాయాలి. ఆవిడ రాశారు. స్వదేశంలోని ఒక ముద్రణాలయానికి పంపితే, ప్రూఫులు మీరే చూసుకోవాలని చెప్పి నాలుగు రోజులు గడువిచ్చారు. ఆ నాలుగు రోజులూ ఆవిడకు డ్యూటీ. 300 ప్రతులు వచ్చాయి. మొదటి పేజీలోనే ముసలమ్మగారి పేరు రెండు విధాలుగా పడింది. ఆవిష్కరణ జరిగింది, "అద్భుతం" అన్నారు, శాలువా కప్పారు. ఆ తరువాత ఆవిడ మాతో అన్న మాట ఇది: "తప్పులున్నాయని ఒక్కరూ చెప్పలేదండీ డాక్టరుగారూ. చదివితే కదా, చెప్పడానికి!" పెట్టెలు బేస్‌మెంట్‌లో ఉన్నాయి. రెండో నవల మాట ఎత్తితే ఆవిడ సంభాషణ మార్చేస్తారు.

ఈ నష్టం ఎవరిది? ఆవిడదా, మన భాషదా?

ఇదే దేశంలో ఇంగ్లీషులో రాసేవారి సంగతి చూడండి. రోహింటన్ మిస్త్రీ 1975లో బొంబాయి నుంచి టొరంటో వచ్చి బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. సాయంత్రాలు టొరంటో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. 1983లో అక్కడి హార్ట్ హౌస్ కథల పోటీలో బహుమతి వచ్చింది, 1984లో మళ్ళీ వచ్చింది. 1987లో మొదటి కథల సంపుటం వచ్చింది. రాసింది ఎవరి గురించి? బొంబాయి పార్సీల గురించే. ప్రతిభ ఆయనదే, సందేహం లేదు. కాని ఆ ప్రతిభ ఎక్కడానికి మెట్లున్నాయి. పోటీకి పంపితే చదివేవారున్నారు, ప్రచురణ సంస్థలో ఎడిటరు ఉన్నాడు. మన నర్సుగారికి ఒక్క మెట్టు లేదు. నేల మీద నుంచి నేరుగా మేడ మీదికి ఎగరమన్నాము. పడిపోతే చప్పట్లు కొట్టాము.

తానా నవలల పోటీ లేదా అని అడుగుతారు. ఆ పోటీని మేము గౌరవిస్తాము. 1997లో చంద్రలత 'రేగడి విత్తులు' బహుమతి పొందింది. 2017లో బహుమతి పొందిన బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. 2019లో గెలిచిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' 2021లో సినిమాగా కూడా వచ్చింది. ఇవి తెలుగుకు దక్కిన మంచి నవలలు. అయితే ఈ ముగ్గురూ తెలుగునేల మీద ఉండి, తెలుగు చుట్టూ వినబడుతూ ఉండగా రాసినవారు. పోటీ పండిన పంటను కొలుస్తుంది. నారు పోయదు, కలుపు తీయదు. మన మధ్య రాస్తున్నవారికి కావలసింది కలుపు తీసే చెయ్యి.

ఈ సంగతి మనకంటె ముందు తెలుసుకున్నవాడు పరాయివాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో తన బంగళాలోనే పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాళపత్ర ప్రతులను పోల్చి చూపించి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయంటే వాటి వెనుక ఆ దిద్దుబాటు ఉంది. అందుకోసం ఆయన అప్పులపాలు కూడా అయ్యాడు. ఏటేటా బ్రౌనును పొగిడే మనవాళ్ళు బ్రౌను చేసిన ఆ ఒక్క పనినీ చేయరు: దిద్దేవాడికి డబ్బివ్వడం.

మాకు వచ్చే సమాధానాలు మూడు. మొదటిది, "ఎవరికండీ తీరిక?" ఉగాది నాటకానికి నెల్లాళ్ళు రిహార్సళ్ళు చేసే తీరిక ఉన్నవారికి మూడు నెలలలో 400 పేజీలు చదివే తీరిక ఉండదా? రోజుకు అయిదు పేజీలు కూడా కాదు. రెండోది, "తప్పు చెబితే నొచ్చుకుంటారు." మా వృత్తిలో ఒక వ్యాసం వైద్యపత్రికకు పంపితే, ముక్కూ ముఖం తెలియని ఇద్దరు చదివి, నిర్మొహమాటంగా లోపాలు రాసి పంపుతారు. ఇంజనీరు గీసిన నక్షా ఇంకొక ఇంజనీరు చూడనిదే కట్టడానికి పోదు. అక్కడ నొచ్చుకోని మనం తెలుగు దగ్గర మాత్రం ఎందుకు నొచ్చుకుంటాము? తెలుగు రచనను పనిగా కాక సరదాగా చూస్తున్నాము గనుక. మూడోది కొత్తది: "కంప్యూటరే దిద్దుతుంది గదా!" కడప అత్తగారి మాటను యంత్రం బుద్ధిగా పాఠ్యపుస్తకంలోకి దిద్దిపెడుతుంది. ఆమె నోట ఆ మాటే ఉండాలని యంత్రానికి తెలియదు. విన్నపెద్దమ్మకు తెలుసు.

కనుక మా ప్రతిపాదన ఇది. ప్రతి సంఘమూ ఏడాదికి ఒక్క రాతప్రతిని తీసుకోవాలి, ఒక్కటి చాలు. ముగ్గురు చదువరులను ఏర్పాటు చేయాలి. ఒకరు భాష, వర్ణక్రమం బాగా తెలిసినవారు, ఒకరు మామూలు పాఠకులు, ఒకరు కథలోని ఊరూ వృత్తీ ఎరిగినవారు. ముగ్గురూ మూడు నెలలలో చదివి, నోటిమాటగా కాక, రెండేసి పేజీలు రాసి ఇవ్వాలి. రచయిత సవరించుకున్న తరువాత అచ్చుప్రూఫులు చూడడానికి స్వదేశంలో అనుభవమున్న ఒకరికి తగిన పారితోషికం సంఘమే ఇవ్వాలి. ఒక సినిమా నటుడి విమానం టిక్కెట్టుకు పెట్టేదానిలో ఈ ఖర్చు వెళ్ళిపోతుంది. చివరి నియమం: ముందు పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవారు కనీసం ఇద్దరు లేనిదే ఏ పుస్తకమూ మన వేదిక మీద ఆవిష్కరించరాదు. చదవనివారు మాట్లాడరాదు. ఈ ఒక్క నియమం పెడితే ఉపన్యాసాలు తగ్గి భోజనాలు వేళకు అందుతాయి, అదొక లాభం!

పాఠకులు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. కెనడాలో ఎవరు పుస్తకం ప్రచురించినా, 100కు మించి ప్రతులు వేస్తే, రెండు ప్రతులు ఒట్టావాలోని జాతీయ గ్రంథాలయానికి అప్పగించాలన్నది చట్టం. పుస్తకానికి ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య కూడా ఇక్కడ ఉచితంగానే ఇస్తారు. అంటే ఈ దేశం మన తెలుగు పుస్తకాన్ని పుస్తకంగానే లెక్కపెట్టి భద్రపరుస్తుంది. రేపు మన మనుమలలో తెలుగు నేర్చుకున్నది ఒక్కతె అక్కడికి వెళ్ళి ఆ పుస్తకం తెప్పించుకుంటుంది. అప్పటికి శాలువా ఉండదు, వక్తలు ఉండరు, ఫొటోలు ఉండవు. ముసలమ్మగారి పేరు మొదటి పేజీలో ఒక విధంగా, రెండో పేరాలో మరొక విధంగా ఉంటుంది. మా తాతలకు తెలుగు రాయడం వచ్చింది గాని, ఒకరు రాసినది ఒకరు చదివే అలవాటు లేదు కాబోలునని ఆ పిల్ల అనుకోకూడదంటే, వచ్చే కార్యవర్గ సమావేశంలోనే ఈ తీర్మానం పెట్టండి.