పట్టణపు గాలి ఎవరికి స్వేచ్ఛనిచ్చింది?

మధ్యయుగ ఐరోపాలో పట్టణాల పెరుగుదలను గురించి చదివేటప్పుడు ఒక నానుడి మీకు తప్పక ఎదురవుతుంది. పట్టణపు గాలి మనిషిని స్వతంత్రుణ్ణి చేస్తుందని దాని భావం. జర్మన్ ప్రాంతాల పాత ఆచారాన్ని ఆధారం చేసుకొని 19వ శతాబ్దపు పండితులు దీన్ని కూర్చారు. చాలామంది విద్యార్థులు ఈ ఒక్క వాక్యం రాసి, పట్టణాలు భూస్వామ్య వ్యవస్థను కూల్చాయని ముగిస్తారు. అక్కడ ఆగిపోకూడదని నా అభిప్రాయం. పట్టణవాసులు ఆ స్వేచ్ఛను కలిసికట్టుగా అడిగి, డబ్బు చెల్లించి, కొన్నిచోట్ల నెత్తురు చిందించి తెచ్చుకున్నారు. అలా తెచ్చుకున్నదాన్ని అందరికీ పంచలేదు. ఈ రెండు సంగతులనూ కలిపి చూడాలి.

ముందుగా పట్టణాలు ఎందుకు పెరిగాయో గుర్తు చేసుకోండి. బరువైన నాగలి, గుర్రానికి సరిపోయే మెడపట్టీ, మూడు పొలాల పద్ధతి వ్యాపించడంతో పంట దిగుబడి పెరిగింది. 1000 నుంచి 1300 వరకు ఐరోపా జనాభా దాదాపు రెట్టింపయింది. పల్లెలో తిండిగింజలు మిగిలితేనే కదా, పొలం దున్నని నేతగాడూ కమ్మరీ వర్తకుడూ బతికేది! వెనీస్, జెనోవా నగరాలు సముద్ర వ్యాపారంతో, ఫ్లాండర్స్‌లోని బ్రూజ్, గెంట్ పట్టణాలు ఉన్ని బట్టలతో ఎదిగాయి. ఫ్రాన్స్‌లోని షాంపేన్ సంతలలో ఈ ఉత్తర, దక్షిణ ప్రాంతాల వర్తకులు కలుసుకునేవారు.

ఇక పల్లెలోని సెర్ఫు పరిస్థితి చూడండి. అతడు ప్రభువు భూమికి కట్టుబడి ఉండేవాడు. వారంలో కొన్ని రోజులు ప్రభువు పొలంలో వెట్టి చేయాలి. అనుమతి లేకుండా ఊరు విడిచి పోరాదు. కూతురి పెళ్ళికి కూడా ప్రభువుకు రుసుము చెల్లించాలి. ఇటువంటి మనిషికి పట్టణం ఏమిచ్చిందో తెలుసుకోవాలంటే లోరీస్ చార్టర్‌ను చూడాలి. పారిస్‌కు దక్షిణాన ఉన్న ఈ చిన్న ఊరికి ఫ్రాన్స్ రాజు 7వ లూయీ 1155లో హక్కుల పత్రాన్ని ధ్రువీకరించాడు. ఒక సంవత్సరం ఒక రోజు ఎవరూ తనవాడని దావా చేయకుండా అక్కడ నివసించిన మనిషి, ఆపైన నిరాటంకంగా ఉండవచ్చు. తన ఆస్తి అమ్ముకొని వెళ్ళిపోనూవచ్చు. రాజుగారి ద్రాక్షసారాను ఓర్లియాంకు బండ్లపై చేరవేయడం వంటి కొద్దిపాటి పనులు తప్ప వేరే వెట్టి లేదు. ఈ పత్రాన్ని నమూనాగా తీసుకొని ఇంకా అనేక ఊళ్ళు హక్కులు పొందాయి.

అన్నిచోట్లా ఇంత శాంతంగా జరగలేదు. ఉత్తర ఫ్రాన్స్‌లోని లాన్ పట్టణవాసులు తమ ప్రభువైన బిషప్ గోద్రీకి డబ్బు చెల్లించి కమ్యూన్‌కు, అంటే తమ పాలన తాము చూసుకునే ప్రమాణబద్ధ సంఘానికి, అనుమతి పొందారు. తరువాత బిషప్ రాజుకు డబ్బు ఆశ చూపి దాన్ని రద్దు చేయించాడు. 1112లో ప్రజలు తిరగబడి బిషప్‌ను చంపారు. రాజు తిరుగుబాటును అణచివేశాడు. అయినా 1128లో ఆ పట్టణానికి కొత్త హక్కుల పత్రం ఇవ్వక తప్పలేదు. రాసిన కాగితం కోసం మనుషులు ప్రాణాలకు ఎందుకు తెగించారో ఆలోచించండి. ప్రభువు నోటిమాటగా ఇచ్చినదాన్ని ఎప్పుడైనా కాదనవచ్చు. రాసి ముద్ర వేసినదాన్ని కాదనడం అంత తేలిక కాదు.

ఇప్పుడు రెండవ సంగతికి వద్దాం. కోటగోడ లోపల ఉన్నవారందరూ పౌరులు కారు. వృత్తి సంఘాలైన గిల్డులు సరుకు నాణ్యతను కాపాడాయి, సభ్యుల కుటుంబాలను కష్టకాలంలో ఆదుకున్నాయి. అవే గిల్డులు కొత్తవారికి తలుపులు మూశాయి కూడా. ఫ్లారెన్స్‌లో 21 గిల్డులు ఉండేవి. ఆ నగరానికి సంపద తెచ్చిన ఉన్ని పరిశ్రమలో దువ్వెన పట్టే కూలీలకు మాత్రం సొంత గిల్డు పెట్టుకునే హక్కు లేదు. 1378లో చోంపీ అని పిలిచే ఈ కూలీలు తిరగబడి గిల్డు సాధించుకున్నారు. కొద్ది వారాలకే దాన్ని రద్దు చేశారు. పారిస్‌లో పట్టు వడికే స్త్రీలకు 13వ శతాబ్దంలోనే సొంత గిల్డులు ఉన్నా, పట్టణ పాలనలో స్త్రీలకు చోటు లేదు. అప్పులిచ్చి, వైద్యం చేసి పట్టణాలకు ఉపయోగపడిన యూదులను 1290లో ఇంగ్లండు నుంచి, 1306లో ఫ్రాన్స్ నుంచి రాజులు వెళ్ళగొట్టారు.

"ఆ కాలానికి అంతమాత్రం స్వేచ్ఛ కూడా గొప్పదే కదా!" అని మీరు అనవచ్చు. నిజమే. వెట్టి నుంచి తప్పించుకొని వచ్చిన సెర్ఫుకు లోరీస్ చిన్న విషయం కాదు. కాని ఇంకో నిజం కూడా ఉంది. మురికి, రోగాల వల్ల ఆ పట్టణాలలో పుట్టేవారికంటే చనిపోయేవారే ఎక్కువ. పల్లెల నుంచి కొత్తవారు వస్తూ ఉండకపోతే అవి నిలిచేవే కావు. పట్టణం ఎవరి రాకతో బతికిందో, వారినే చాలాకాలం గుమ్మం దగ్గర నిలబెట్టింది. గొప్పతనం చెప్పి ఈ సంగతి దాచిపెడితే అది సగం చరిత్రే అవుతుంది.

కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు వర్తకం, చార్టర్లు, గిల్డుల గురించి రాయండి. వాటితోపాటు ఆ హక్కులు ఎవరికి దక్కాయో, ఎవరికి దక్కలేదో కూడా రెండు వాక్యాలు చేర్చండి. మీరు నివసించే పట్టణాన్ని గురించి కూడా ఇదే ప్రశ్న వేసుకోండి. దాన్ని కట్టినవారిలో, ఊడ్చేవారిలో, బరువులు మోసేవారిలో ఎందరికి అక్కడ సొంత చిరునామా ఉంది?