ప్రార్థన ఆపండి, అయ్యగారూ!

(కాపరి కలము నుండి)



క్రిందటి జనవరి నెలాఖరులో మా మునగపాక సంఘములోని ఒక కుటుంబం వారి అమ్మాయి వివాహం బరంపురంలో జరిగింది. వరుని వారు ఎన్నో ఏళ్ళ క్రితమే అక్కడ స్థిరపడిన తెలుగువారు. పిల్లా పెద్దా కలిసి మా ఊరినుండి 34 మందిమి రైలెక్కాము. శుక్రవారం పెండ్లి దేవుని కృపచేత చక్కగా జరిగింది. తిరుగు రైలు శనివారం రాత్రికి. ఆదివారం ఆరాధన వేళకు ఊరు చేరుకోవాలని అలా ఏర్పాటు చేసుకున్నాము. మధ్యలో ఒక పగలు ఖాళీగా దొరికింది.

"ఇంత దూరం వచ్చి చిలకా సరస్సు చూడకుండా వెళతామా అయ్యగారూ?" అని యౌవనస్థులు పట్టుబట్టారు. ఊళ్ళో ఒక ట్రావెల్స్ వారితో మాట్లాడారు. బస్సు, గైడు, మధ్యాహ్న భోజనం, బోటు షికారు అన్నీ కలిపి మనిషికి 700 రూపాయలు. మా వారిలో ఎక్కువమంది చెరకు నరికి, బెల్లం వండి బ్రతికేవారు. వారికి 700 చిన్న మాట కాదు. అయినా జన్మకొక్కసారి అనుకుని అందరూ ముందే డబ్బు కట్టారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాత జరిగినదానికంతటికీ ఇదే మూలం.

ఉదయం ఏడు గంటలకు బస్సు బయలుదేరింది. గైడు పాతికేళ్ళ కుర్రవాడు. తెలుగును ఒడియా యాసలో ముద్దుగా మాట్లాడేవాడు. ఛత్రపురం దాటాక ఋషికుల్య నది వంతెన మీద బస్సు ఆపించి, ఈ నది సముద్రంలో కలిసే చోటికి తాబేళ్ళు వేలకొలదిగా వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయని చెప్పాడు. ఈ గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు రాజధానిలోనే ఉండేదనీ, ఆ సంవత్సరం ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అందులో కలిసిందనీ చెప్పాడు. మా సంఘ పెద్ద ఒకాయన, "అయితే మా విశాఖపట్నం జిల్లా, మీ గంజాం జిల్లా ఒకప్పుడు ఇరుగుపొరుగు వాటాలే బాబూ!" అంటే బస్సంతా నవ్వింది.

రంభ చేరేసరికి అందరూ కిటికీల దగ్గరికి జరిగారు. ఒక ప్రక్క కొండలు, ఆ కొండల పాదాల దగ్గరినుండే నీళ్ళు, నీళ్ళ మధ్య చిన్న చిన్న లంకలు. కంపెనీ దొరల కాలంలో స్నాడ్‌గ్రాస్ అనే అధికారి కట్టించిన పెద్ద భవనం ఒడ్డున ఉంది. అది తరువాత ఖల్లికోట రాజులది అయింది. హౌరా వెళ్ళే రైలు మార్గం ఈ ఒడ్డు వెంబడే పోతుంది. కూలి పనులకు కలకత్తా వైపు వెళ్ళివచ్చిన మా వారిలో ఇద్దరు, "రైల్లోంచి చాలాసార్లు చూశాం గానీ, దిగి చూడడం ఇదే" అన్నారు. దాటిపోతూ చూసేది వేరు, నిలిచి చూసేది వేరు.

అక్కడినుండి బాలుగావ్. అది చేపల ఊరు. రొయ్యలు, పీతలు గంపలకెత్తి బేరాలు సాగుతున్నాయి. భోజనాలయ్యాక నీడన కూర్చోబెట్టి గైడు సరస్సు సంగతులు చెప్పాడు. అవి మీకూ చెప్పాలి.

చిలకా మంచినీళ్ళ చెరువు కాదు, సముద్రమూ కాదు. నదులు తెచ్చే మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే చోటు. వానాకాలంలో సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు పరచుకుంటుంది. ఎండాకాలంలో 900 దాకా తగ్గుతుంది. మన ప్రభువు సంచరించిన గలిలయ సముద్రం 166 చదరపు కిలోమీటర్లే. అంటే అటువంటివి ఏడు వానాకాలపు చిలకాలో పడతాయి. చలికాలంలో దూరదేశాలనుండి లక్షల పక్షులు ఇక్కడికి వస్తాయి. 1981లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలగా దీనిని గుర్తించారు.

కాని 1990 ప్రాంతానికి ఈ సరస్సుకు జబ్బు చేసింది. నదుల ఒండ్రు, ఇసుక పేరుకుని సముద్రంలోనికి పోయే ముఖద్వారం పూడిపోసాగింది. ఉప్పునీరు లోపలికి రావడం తగ్గింది. కలుపు మొక్కలు అల్లుకున్నాయి. చేపలు తగ్గి జాలరుల పొయ్యిలో పిల్లి లేవని రోజులు వచ్చాయి. 1993లో దీనిని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. చివరికి 2000 సెప్టెంబరులో సముద్రానికి క్రొత్త ముఖద్వారం త్రవ్వారు. ఉప్పునీరు మళ్ళీ లోపలికి వచ్చింది, కలుపు తగ్గింది, చేపలు, రొయ్యలు, పీతలు తిరిగి పెరిగాయి. 2002లో ఆ ప్రమాదపు జాబితానుండి చిలకా పేరు తీసివేశారు.

"నోరు మూసుకుపోతే సరస్సయినా చస్తుంది అంకుల్" అన్నాడు ఆ గైడు. ఆ మాట నాకు ఆ పూటే తగులుతుందని అప్పుడు తెలియదు.

తరువాత బోటు రేవుకు వెళ్ళాము. ఏ రేవో, ఎవరి బోటో చెప్పను. ఎవరినీ నిందించడానికి ఇది వ్రాయడం లేదు. దారిలో గైడు ఆ ప్రాంతంవారు చెప్పుకునే కాళీజాయి కథ చెప్పాడు. జాయి అనే పిల్లను పెండ్లి చేసుకుని వెళ్ళడానికి తండ్రి పడవలో తీసుకుని వెళుతుంటే గాలివాన వచ్చి పడవ తిరగబడిందట. అందరూ దొరికారు, ఆ పిల్ల ఒక్కతే దొరకలేదట. ఇప్పుడు ఆ లంక మీద ఆమె పేరున గుడి ఉంది. ఆ నమ్మకం మనది కాదు. కాని ముందురోజే పెండ్లి చూసి వచ్చిన మాకు ఆ తండ్రి దుఃఖం గుండెల్లో గుచ్చుకుంది.

రేవులో మా కోసం రెండు బోట్లు ఉండాలి. ఒకదాని ఇంజను మొరాయించింది. "ఏం పర్వాలేదు, అందరూ ఒక్కదాంట్లోనే ఎక్కండి, చీకటి పడకముందే తిప్పి తెచ్చేస్తాం" అన్నాడు బోటువాడు. గైడు ఏదో అనబోతే అతణ్ణి ప్రక్కకు తోశారు. గాలి కాస్త లేచింది. నీళ్ళ మీద చిన్న చిన్న తెల్లని నురుగు కనిపిస్తోంది.

నా మనస్సులో సందేహం పుట్టింది. నిజం చెప్పాలి గదా, పుట్టింది. కాని కట్టిన డబ్బు గుర్తుకు వచ్చింది. ఆశగా చూస్తున్న పిల్లల ముఖాలు చూశాను. వద్దంటే, అయ్యగారు పిరికివారు, ఆయనకే విశ్వాసం లేదు అంటారేమోనని సిగ్గు కలిగింది. అంతలో ఒక యౌవనస్థుడు, "దేవుడున్నాడు అయ్యగారూ, మీరు ప్రార్థన చేయండి, ఎక్కేద్దాం" అన్నాడు. నాకు తప్పించుకునే దారి దొరికినట్లయింది. కళ్ళు మూసుకుని, "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టాను.

"ప్రార్థన ఆపండి అయ్యగారూ!"

కళ్ళు తెరిచాను. మా సంఘంలో అందరికంటే పెద్దావిడ. డెబ్బై దాటిన తల్లి. అందరమూ మామ్మ అని పిలుస్తాము. సంఘంలో ఏనాడూ గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు.

"ముందు లెక్కెట్టండి. మనమెంత మందిమి? ఆ నారింజ చొక్కాలు ఎన్నున్నాయి? నాకు ఈత రాదు, ఈ పసిపిల్లలకీ రాదు. మా ఇంటాయన శారద ఏరు పొంగినప్పుడు, ‘రోజూ దాటే ఏరే గదేటి’ అని దిగాడు. మూడో నాడు దొరికాడు. నానైతే ఎక్కను. మీరేటి అలా ఊరుకున్నారు?"

ఎవరూ మాట్లాడలేదు. నేను లెక్కపెట్టాను. మేము 34 మందిమి. లైఫ్ జాకెట్లు 12. పిల్లల సైజువి ఒక్కటీ లేదు.

"ఎక్కడం లేదు" అన్నాను.

బోటువాడు కేకలు వేశాడు. డబ్బులో సగమే తిరిగి వచ్చింది. యౌవనస్థులు ముఖాలు ముడుచుకున్నారు. ఒడ్డునే తువ్వాళ్ళు పరచి, పెండ్లివారు కట్టి ఇచ్చిన పులిహోర, అరిసెలు తిన్నాము. పొద్దు వాలేవేళ పక్షులు గుంపులుగుంపులుగా లంకల వైపు వెళ్ళాయి. మామ్మ మాత్రం నీళ్ళ వైపు వీపు పెట్టి కూర్చుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మేము వదిలేసిన ఆ బోటు వేరే గుంపును ఎక్కించుకుని వెళ్ళింది, క్షేమంగానే తిరిగి వచ్చింది. "చూశారా అయ్యగారూ, ఏమీ కాలేదు!" అని రైలులో మా కుర్రవాళ్ళు రెండుసార్లు అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారి మాటకు జవాబేమిటని ఆలోచించాను.

2019 సెప్టెంబరు 15 ఆదివారం. పాపికొండలు చూడడానికి 70 మందికి పైగా ఎక్కిన బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. ప్రాణాలతో బయటపడినవారు 26 మందే. బోటును బయటకు లాగేసరికి అక్టోబరు 22 అయింది. అలాంటి బోట్లు అంతకుముందు ఎన్నిసార్లు వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చి ఉంటాయి! అన్నిసార్లూ "ఏమీ కాలేదు" గదా! ఇంకా దగ్గరికి వస్తే, 2022 జూలైలో మన పూడిమడక తీరానికి సరదాగా వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులను కెరటాలు లాక్కుపోయిన దుఃఖం ఈ జిల్లావారెవరూ మరువలేదు. ఏమీ కాకపోవడం క్షేమానికి రుజువు కాదు. అది దేవుని సహనం మాత్రమే.

ప్రియులారా, ప్రభువు పడవలో ఉండగా తుపాను వచ్చిన సంగతి మనం తరచుగా బోధిస్తాము. కాని దేవాలయ శిఖరం మీద అపవాది ఆయనను ఏమి అడిగాడో ఒడ్డున నిలబడినప్పుడు మరచిపోతాము. దూతలు పట్టుకుంటారు గదా, దూకు అన్నాడు. ప్రభువు దూకలేదు. తండ్రిని నమ్మడం వేరు, తండ్రిని పరీక్షకు పెట్టడం వేరు. ఆ సాయంకాలం నేను చేయబోయినది ప్రార్థన కాదు, నా సిగ్గును కప్పుకునే దుప్పటి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఈ నెల మీ ఇంట్లో చదవండి. సముద్రయానానికి తగని కాలమని పౌలు భక్తుడు ముందే హెచ్చరించాడు. ఆయన ప్రార్థనాపరుడే, అయినా నోరు విప్పి చెప్పాడు. శతాధిపతి ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట విన్నాడు. 276 మంది ప్రాణాలు దక్కాయి గాని ఓడ బద్దలైంది, సరుకంతా పోయింది. అక్కడ శతాధిపతి వినలేదు. ఇక్కడ హెచ్చరించవలసిన కాపరియే నోరు మూసుకున్నాడు. అప్పుడు దేవుడు ఒక చదువురాని తల్లి నోరు తెరిచాడు. ముఖద్వారం మూసుకుపోతే సరస్సు చస్తుందని ఆ గైడు అన్నది సంఘానికీ, కుటుంబానికీ కూడా నిజమే. మన ఇండ్లలో కోడళ్ళకు, పిల్లలకు, ముసలివారికి "వద్దు, ఇది ప్రమాదం" అని చెప్పే చనువు ఉన్నదా?

సంఘాలుగా, కుటుంబాలుగా విహారానికి వెళ్ళవద్దని నేను చెప్పడం లేదు. దేవుని సృష్టిని చూడాలి. మన జిల్లాలోనే కొండకర్ల ఆవ ఉంది. కొండల నీడన, తామరలతో, పక్షులతో, రెండు తాటి దోనెలను జోడించి కట్టిన పడవలతో ఎంత అందంగా ఉంటుంది! పిల్లలను తీసుకువెళ్ళండి. అయితే ఇవి పాటించండి:

1. బోటు ఎక్కేముందు మనుషులను, లైఫ్ జాకెట్లను లెక్కపెట్టండి. లెక్క సరిపోకపోతే ఎక్కవద్దు. జాకెట్టు ఒళ్ళో పెట్టుకునేది కాదు, తొడుక్కుని త్రాళ్ళు బిగించుకునేది.

2. పిల్లలకు వారి కొలతకు సరిపోయేది అడగండి.

3. గాలి లేచినా, వరద ఉన్నా, పొద్దు వాలినా ఒడ్డునుండే చూసి ఆనందించండి.

4. గైడు సందేహిస్తే వినండి. అతనికి ఆ నీళ్ళు తెలుసు.

5. డబ్బు అంతా ముందుగా కట్టవద్దు. కట్టిన డబ్బు మన చేత తప్పు నిర్ణయం చేయిస్తుంది.

6. గుంపులో ఒక్కరు భయపడినా ఎగతాళి చేయవద్దు. ఆ భయం వెనుక ఒక కథ ఉండవచ్చు.

మొన్న ఈస్టరు తరువాత సండేస్కూలు పిల్లలను కొండకర్ల తీసుకువెళ్ళాము. బయలుదేరేముందు పిల్లలను లెక్కపెట్టే పని ఎవరికి అప్పగించామో మీరు ఊహించగలరు. మామ్మ చేతికర్రతో ఒక్కొక్క పిల్లవాని తల తాకుతూ లెక్కపెట్టింది. మేము ఒడ్డునుండే పక్షులను చూశాము. రైలులో "ఏమీ కాలేదు" అన్న కుర్రవాడే ఆ రోజు ఒక చిన్నవాణ్ణి నీళ్ళ అంచునుండి వెనక్కి లాగి, "లెక్కలోకి రా" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మామ్మ మళ్ళీ లెక్కపెట్టి, "సరిపోయారు. ఇప్పుడు ప్రార్థన చేయండి అయ్యగారూ" అంది.

చేశాను. ఆ రోజు నా ప్రార్థనలో దాపరికం లేదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు: సిగ్గుచేత గాని, కట్టిన డబ్బు కోసం గాని చెప్పవలసిన మాట చెప్పక ఊరుకున్న సందర్భం మీకున్నదా? మీ ఇంట్లో ఎవరి మాటను చాలాకాలంగా ఎవరూ వినలేదు?

ప్రభువు మీ రాకపోకలయందు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.